మడతవేలు

నా ఎడమచేతి ఉంగరం వేలికి ఇంతవరకు ఉంగరం ఎక్కలేదు, ఇక ఎక్కదు కూడా. ఆ వేలు అరచేతిలోకి ముడుచుకుని పడుకుంది. లేపితే లేవదు. ఒకసారి ఒక డాక్టరు దాన్ని అటూ ఇటూ లాగి చూసి, "పుట్టుకతో వచ్చిందా?" అని అడిగాడు. "కాదండీ, పరంపరగా వచ్చింది" అన్నాను. నవ్వాలో వద్దో తెలియక ఆయన మందుల చీటీ మీదకు వంగాడు.

మాది రాతి మీద అక్షరాలు చెక్కే ఇల్లు. సమాధి రాళ్లు, ప్రారంభోత్సవాల పలకలు, గేటు పక్కన గోడలో పొదిగే పేర్లు, ఎవరికి ఏది కావాలంటే అది. ఇలాంటి దుకాణాలు మా వీధిలోనే ఇంకొన్ని ఉన్నాయి. కాని మమ్మల్ని మాత్రం మడతవేలి వాళ్లు అంటారు. కుడిచేత సుత్తి, ఎడమచేత ఉలి అందరూ పట్టేదే. మేము ఉలి పట్టేటప్పుడు ఉంగరం వేలిని లోపలికి మడుస్తాం. మడిచిన వేలు ఉలికి దిండులా ఆనుతుందనీ, దెబ్బ అదరదనీ, అందుకే మా అక్షరం అంచు అంత శుభ్రంగా తెగుతుందనీ చెబుతారు. చెబుతారు అంటే మేమే చెబుతాం. మా ముత్తాత కనిపెట్టిన పద్ధతి అని కూడా చేరుస్తాం. ఆ మాట పడ్డాక ఇక ఎవరూ నోరెత్తరు.

పని చేసేటప్పుడు మడిచి, తర్వాత చాచుకుంటే సరిపోదా అని మీకు అనిపిస్తే, మీరు మా ఇంట్లో పుట్టలేదన్నమాట. మా ఇంట్లో పిల్లలకు ఎనిమిదో ఏడు రాగానే ఆ వేలిని అరచేతికి ఆనించి, మైనం పట్టించిన దారాన్ని చెయ్యి చుట్టూ తిప్పి కట్టేస్తారు. పగలూ రాత్రీ అలాగే ఉండాలి. స్నానానికి కూడా విప్పరు. ఏళ్లు గడిచాక విప్పితే వేలు ఎక్కడికీ పోకుండా అక్కడే ఉంటుంది. అప్పుడు సుత్తి చేతికిస్తారు. ఎంత బిగించాలో తండ్రి చెబుతాడు, ముడి మాత్రం తల్లే వేయాలి. అలా ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు. ఎంత ఏడుపు వచ్చినా తల్లి వేసిన ముడిని పిల్లలెవరూ పళ్లతో కొరికి తెంపుకోరు. అదీ సంగతి.

అమ్మ నాకు ముడి వేసిన రోజు నా మొహం వంక చూడలేదు. "ఒక్క రోజే తల్లీ, రేపు విప్పేస్తాగా" అంది. మర్నాడు అడిగితే మళ్లీ రేపంది. కొన్నాళ్లకు నేను అడగడం మానేశాను, ఆవిడ చెప్పడం మానేసింది. బళ్లో నా పేరు తొమ్మిదిన్నర. బంతి పట్టబోతే జారిపోయేది. చలికాలం చేతితొడుగు వేసుకుంటే ఒక వేలు ఖాళీగా వేలాడేది, వెనక బెంచీ వాళ్లు దాన్ని పట్టుకుని లాగేవాళ్లు. వేలు సలుపుతోందని ఏడిస్తే నాన్న వచ్చి తన చెయ్యి నా మొహం ముందు పెట్టి, "నాది చూడు. నేనేమన్నా చచ్చానా?" అనేవాడు. బతికే ఉన్నాడు కాబట్టి నేను మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నాకు పని వచ్చింది. ఆషామాషీగా కాదు, బాగా వచ్చింది. జనం మా రాయి ముందు నిలబడి బొటనవేలితో అక్షరాల లోపల తడిమి చూసుకునేవారు. ఒక ముసలమ్మ తన భర్త పేరు మీద వేలు పెట్టి చివరిదాకా తిప్పి, "ఆయన్ని పిలిచినట్టే ఉందమ్మా" అని కళ్లొత్తుకుంది. అలాంటప్పుడు ఇదంతా ఆ వేలి చలవే అనుకునేదాన్ని. అలా అనుకోకపోతే ఎలా బతకను? నా కూతురు ఒకసారి, "నీకు కట్టినప్పుడు ఏడ్చావా అమ్మా?" అని అడిగితే, "ఒక్క చుక్క కూడా రాలేదు" అని చెప్పాను. అది నోరు తెరుచుకుని విన్నది.

నా కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు, ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఒక చోట కూర్చోదు, ఒక మాటతో ఆగదు. దాని తండ్రితో నాకు తెగతెంపులయ్యాక దాన్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చేశాను. దుకాణం పైగదిలో ఉంటున్నాం.

కింద దుకాణం అన్నయ్యది. నాన్నకు కళ్లు మసకబారాక వాడి చేతికి వచ్చింది. ఇక్కడ తమాషా ఏమిటంటే అన్నయ్య వేళ్లు ఐదూ నిటారుగా ఉంటాయి. చిన్నప్పుడు వాడికీ కట్టారు. వేలు నల్లబడి, జ్వరం ముంచుకొచ్చి, ఆసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తితే అక్కడి డాక్టరు దారం కోసేసి నాన్నను నానా చీవాట్లూ పెట్టాడట. ఇక వాడి జోలికి పోలేదు. వాడి మీద నేర్చుకున్న పాఠం నాకు పనికొచ్చింది, కాస్త వదులుగా కట్టారు. వాడు చక్కగా చదువుకుని, కంప్యూటరు నేర్చుకుని, వెనక గదిలో మిషను పెట్టించాడు. పేరు టైపు చేస్తే చాలు, నీళ్లు చిమ్ముకుంటూ, పళ్లు నూరుతున్నంత చప్పుడుతో అదే చెక్కేస్తుంది. చివర్లో నేను ఉలి పట్టుకుని అంచులకు నాలుగు దెబ్బలు వేస్తాను, చేత్తో చేసినట్టు కనబడటానికి.

బోర్డు మీద మాత్రం మడతవేలి బొమ్మ. బిల్లుల మీద అదే, సంచుల మీద అదే, అన్నయ్య చొక్కా జేబు మీద అదే. ఆ జేబును ఐదు వేళ్లతో సర్దుకుంటూ వాడు "మా పరంపర" అని మొదలుపెడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎక్కి ఏం లాభం? వాడి ఇంట్లో ఉంటూ, వాడి మిషను చెక్కిన రాళ్లకు మెరుగులు దిద్దుతున్నదాన్ని.

వేసవి సెలవులు మొదలైన రోజుల్లో వారసత్వ సంస్థ నుంచి ఒక మేడం వచ్చింది. కళ్లజోడు, మెడలో గుర్తింపు కార్డు, మాటకు ముందో "అద్భుతం", మాటకు వెనకో "అద్భుతం". రాతిపొడి పడుతుందని కుర్చీ తుడవబోతే వద్దని వారించి ఆ పొడి మీదే కూర్చుంది. అది చూసి అన్నయ్య పొంగిపోయాడు. ఆవిడ గోడ మీది ముత్తాత ఫోటో చూసింది. అరచేయంత ఫోటో అది. ముత్తాత పీట మీద కూర్చుని, మోకాలికి రాతిపలక ఆనించుకుని, కుడిచేత సుత్తి, ఎడమచేత ఉలి పట్టుకుని ఉంటాడు. మడిచిన వేలు దగ్గర నల్లటి నీడ తప్ప ఏమీ కనబడదు. రోజూ తుడిచి తుడిచి అద్దం కూడా గీతలు పడింది. తర్వాత ఆవిడ నా దగ్గరికి వచ్చి, నా ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎంత అందంగా ఉందండీ మీ చెయ్యి!" అంది.

నా చేతిని ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. చెయ్యి లాక్కున్నాను. మెట్ల మీద కూర్చున్న పిచ్చుక మా వంకే చూస్తోంది.

మ్యూజియంలో కొత్తగా ఒక హాలు తెరుస్తున్నారు, కనుమరుగవుతున్న చేతిపనుల కోసం. అందులో ఒక గోడ మొత్తం మా ఇంటికి ఇస్తామంది. ఒకటే షరతు, నేర్చుకునే తర్వాతి తరం ఉండాలి. "పిల్లలు అందుకోకపోతే అది వారసత్వం అవదు కదండీ, పాత జ్ఞాపకం అవుతుంది" అంది. ప్రారంభం నాడు వేదిక మీద అందరి ఎదుటా పిల్ల చేతికి మొదటి ముడి వేయాలి. "నొప్పేమీ ఉండదు కదా?" అని, అడగడం ధర్మం కాబట్టి అడిగింది. "అబ్బే, అంతా అలవాటేనండీ" అన్నాడు అన్నయ్య, తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని.

మేడం వెళ్లాక మా ఇద్దరికీ పెద్ద రగడే జరిగింది.

"నీ కొడుకున్నాడుగా, వాడికి కట్టు" అన్నాను.

"వాడికి చదువు పాడవుతుందే."

"దీనికి పాడవదా?"

"దీనిది నీ చెయ్యే. గ్లాసు పట్టుకోమను, అచ్చం నీ పట్టే. మావాడికి అదెక్కడిది?"

"వేళ్లు ఐదూ ఉండి నువ్వు పరంపర గురించి మాట్లాడకు అన్నయ్యా. నాకు మండుతుంది."

"మండితే మండనీ. ఈ బోర్డు లేకపోతే మన రాయికీ పక్కవాడి రాయికీ తేడా ఏముందో చెప్పు. అందరిదీ అదే మిషను. జనం మన దగ్గరికి వచ్చేది ఆ వేలు చూసే. నాన్న చెయ్యి ఇక ఎన్నాళ్లు చూపిస్తాం? నీదొక్కటే మిగిలింది."

నిజం చెప్పాడు. నిజం కాబట్టే ఇంకా మండింది. మా ఇంట్లో ఐదు వేళ్లు నోట్లోకి వెళ్లాలంటే ఎవరిదో ఒక వేలు మడవాలి.

నాన్న ఆ మూల బల్ల మీద కూర్చుని అంతా విన్నాడు. నా తరఫున ఒక మాట వస్తుందేమోనని చూశాను. ఆయన ఉలి మొన మీద బొటనవేలు ఆడించుకుంటూ, "ముడి వేసేది నువ్వేగా. నీ ఇష్టం" అన్నాడు. మొత్తం నా నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం అంటే అదే.

సెలవులు అయిపోవచ్చేదాకా గుంజాటనే. నేను కాదనడం, వాడు మొహం మాడ్చుకోవడం, వదిన పైగదికి వచ్చి నీళ్లు నములుతూ "మీ అన్నయ్య మాట పోతుందమ్మా" అనడం. అందరికంటే ఎక్కువ పీడించింది పిచ్చుకే. "స్టేజీ మీదకి నన్నేనా? బావని కాదా? నిజంగా నన్నేనా?" అని నా కొంగున వేలాడేది. ఆ రోజుల్లో దానికి జడ వేద్దామంటే ఒక్క రబ్బరు బ్యాండు దొరికేది కాదు. పొట్లంలో తెచ్చినవి తెచ్చినట్టే మాయమయ్యేవి. "తింటున్నావా ఏమిటే?" అని అరిస్తే నవ్వి పారిపోయేది.

చివరికి అన్నయ్యే దిగివచ్చాడు. "ఒక్క రోజు కట్టు. వాళ్లు ఫోటోలు తీసుకుంటారు. ఇంటికొచ్చి విప్పేయి. మళ్లీ వాళ్లు వస్తున్నారంటే ముందే కబురు పెడతాగా, అప్పుడు కట్టొచ్చు. ఎవరికి తెలుస్తుంది?"

సరేనన్నాను. ఒక్క రోజే కదా అనుకున్నాను. ఆ మాట ఇదివరకు ఎవరి నోట విన్నానో గుర్తొచ్చింది. అయినా పెట్టె అడుగు నుంచి అమ్మ దారపు ఉండ తీసి, మైనం పట్టించి సిద్ధం చేశాను.

ప్రారంభం ఉదయం పూట. మేం ముందుగానే వెళ్లాం. హాల్లో కొత్త రంగు వాసన. పనివాళ్లు కుర్చీలు వరసలుగా వేస్తున్నారు, ఒకడు మైకు ముందు అదే పనిగా దగ్గుతున్నాడు. పిచ్చుక కొత్త బట్టల్లో స్టేజీ ఎక్కడం, దిగడం మొదలుపెట్టింది. అన్నయ్య దాన్ని ఎక్కడ నిలబెట్టాలో కెమెరా అతనితో మాట్లాడుతున్నాడు.

మా గోడ స్టేజీకి ఎదురుగా, కుర్చీల వెనక ఉంది. గోడంతా ముత్తాతే. పాత ఫోటో స్టూడియో మూతబడినప్పుడు దాచిన గాజు నెగటివు ఒకటి దొరికిందట, దాని నుంచి తీసి, పెద్దది చేసి వేయించారు. పీట మీద కూర్చున్న ఆయన మోకాళ్లు నా భుజాల దాకా వచ్చాయి. చొక్కా గుండీలు, గోళ్లలో రాతిపొడి, మీసంలో ఒక తెల్ల వెంట్రుక, అన్నీ కనబడుతున్నాయి. పుట్టినప్పటి నుంచీ రోజూ తుడిచిన మనిషిని మొదటిసారి చూస్తున్నాను. ఆశగానే దగ్గరికి వెళ్లాను. ఆయన వేలు ఎలా మడిచాడో, ఎక్కడ ఆనించాడో చూసి నేర్చుకోవాలని.

వేలు లేదు.

ఉలి చుట్టూ బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, చిటికెన వేలు ఉన్నాయి. ఉంగరం వేలు ఉండాల్సిన చోట ఒక పొట్టి కణుపు. దాని కొస మీద చర్మం మూతి కట్టిన సంచిలా దగ్గరికి ముడుచుకుని ఉంది. మడిచిన వేలికి ఉండే ఎముక వంపు నాకు తెలియనిదా? ముప్పై ఏళ్లకు పైగా నా చేతిలో ఉంది. ఇది మడిచింది కాదు. కణుపు నుంచి పైకి ఏమీ లేనే లేదు.

మొదటి వరసలో కూర్చున్న నాన్నను చెయ్యి పట్టి లేపి, విరిగిన కుర్చీలు పేర్చిన పక్క గదిలోకి లాక్కెళ్లాను.

"ఆ ఫోటో చూశావా?"

"ఏముంది చూడ్డానికి?"

"ఆయనకి వేలు లేదు నాన్నా."

నాన్న ఉలిక్కిపడతాడనుకున్నాను. తడుముకుంటూ ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. "మెల్లగా మాట్లాడు" అన్నాడు.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటే? చిన్నప్పుడు నన్ను బడికి తీసుకెళ్లేవాడు. ఆ చెయ్యి పట్టుకునే నడిచా."

నేను గోడకు ఆనుకున్నాను. ఆయన అటు తిరిగి, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకుపోయాడు.

"బండి మీంచి పలక దించుతుంటే జారిపడిందట. వేలు నలిగిపోయింది, తీసేశారు. చెయ్యి చెడినవాడికి ఎవరిస్తారు పని? బేరానికి వచ్చినవాళ్లు ఆ చెయ్యి చూసి పక్క దుకాణంలోకి పోయేవాళ్లు. ఇంట్లో పొయ్యి వెలగని రోజులు. అందుకని మడిచానని చెప్పాడు. ఇది కొత్త పట్టు, దీంతో అక్షరం బాగా తెగుతుంది అన్నాడు. చెయ్యి మూసుకునే తిరిగాడు, మూసుకునే పని చేశాడు. పనిమంతుడు కదా, జనం నమ్మేశారు. మడతవేలి పనే కావాలని రావడం మొదలుపెట్టారు."

"మరి తాతయ్యకి?"

"మా నాన్న చేతికందొచ్చాడు. ఆయనకి ఐదు వేళ్లూ ఉన్నాయి. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? మీవాడు మడవడేంటి, నేర్పలేదా అని అడిగేవాళ్లు. మీ ముత్తాత ఏం చెప్తాడు? లేదు, నాది అబద్ధం అంటాడా? కట్టేశాడు."

"ఒక అబద్ధం నిలబెట్టుకోడానికి కన్నకొడుకు వేలు..."

"అన్నం కోసమే. నువ్వు ఆ రోజులు చూళ్లేదు."

"నీకు కట్టినప్పుడు కూడా అన్నమేనా?"

బయట మైకు అతను మళ్లీ దగ్గుతున్నాడు.

"అప్పటికి బాగానే ఉన్నాం" అన్నాడు నాన్న. "నాకు కడుతుంటే మీ ముత్తాతే అడ్డం పడ్డాడు. ఏడ్చాడే పాపం. వద్దురా, నాది పోయిందిరా, మడిచింది కాదురా అని కొడుకు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. మా నాన్న వినలేదు. నాకు లేనిది వీడికెందుకుండాలి అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నా."

"విని కూడా నాకు కట్టించావు."

ఆయన తన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో కప్పుకున్నాడు.

"నీకు కట్టకపోతే నాదెందుకు పోయినట్టే?" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కన్నతండ్రి మీద అంత కోపం ఉండొచ్చని మాత్రం ఆ రోజే తెలిసింది. ఆ మెడ పట్టుకుని ఊపేయాలనిపించింది. బడిలో జారిపోయిన బంతులన్నీ, ఖాళీగా వేలాడిన తొడుగు, పళ్లు బిగించి పడుకున్న రాత్రులు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"అమ్మకి తెలుసా?"

"చెప్పలేదు. చెప్తే ముడి వేసేదా?"

అమ్మ ఆ ముడి తన చేత్తో వేసి, నాకు తెలియకుండా ఏడ్చి, ఇదంతా ఏదో గొప్ప విద్య కోసమని నమ్మే కన్నుమూసింది. నాన్నను అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను.

హాలు నిండిపోయింది. మేడం మా గురించి గొప్పగా మాట్లాడి, నన్నూ పిచ్చుకనూ స్టేజీ మీదకు పిలిచింది. పళ్లెంలో పూలు, వాటి మధ్య అమ్మ దారం. పిచ్చుక కళ్లు వెలిగిపోతున్నాయి. అన్నయ్య పక్క నుంచి "నవ్వు, నవ్వు" అని సైగ చేస్తున్నాడు. నేను దారం వదిలేసి మైకు అందుకున్నాను.

"అందరూ ఒకసారి వెనక్కి తిరిగి ఆ గోడ చూడండి" అన్నాను. "మా ముత్తాత చెయ్యి చూడండి. ఆయన వేలు మడిచింది కాదు. రాయి పడి పోయింది. పని పోతుందన్న భయంతో మడిచానని చెప్పుకున్నాడు. ఆ మాట పోకూడదని మా తాతకి కట్టారు, మా నాన్నకి కట్టారు, నాకు కట్టారు. ఇందులో విద్యా లేదు, పాడూ లేదు. ఐదు వేళ్లున్న ఎవడైనా ఈ అక్షరాలు చెక్కగలడు. నా కూతురికి నేను కట్టను."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఇప్పుడు గోల లేస్తుంది, సిగ్గుతో తలలు దించుకుంటారు, ఎవరైనా లేచి మా నాన్నను నిలదీస్తారు అనుకున్నాను. ముందు వరసలో ఒకాయన చప్పట్లు మొదలుపెట్టాడు. తర్వాత పక్కాయన. తర్వాత హాలంతా.

మేడం కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "అద్భుతం!" అంది మైకులో. "మనకెవ్వరికీ తెలియని విషయం ఇది. తగిలిన గాయాన్నే కళగా మార్చుకుని, తరతరాలు తమ చేతుల మీద మోసిన కుటుంబం! ఆ గోడ పక్కన ఈ సంగతి కూడా రాయిద్దాం. ఇప్పుడు ఈ ముడికి ఎంత అర్థం వచ్చిందో చూడండి. కానివ్వండమ్మా, కట్టండి."

అన్నయ్య నోరు వెళ్లబెట్టి నిలబడ్డవాడల్లా గబుక్కున సర్దుకున్నాడు. "అవునండీ, ఇలాంటివి మేం బయట చెప్పుకోం గానీ..." అంటూ ఇంకో మైకు అందుకున్నాడు.

ఇంతలో పిచ్చుక తన ఎడమచేతిని నా ముందుకు చాపింది. కెమెరాలు టపటపా వెలిగాయి.

ఆ చేతిని అలాగే గట్టిగా దొరకబుచ్చుకుని స్టేజీ దిగేశాను. అన్నయ్య "ఏయ్, ఏయ్" అంటూ రెండడుగులు వచ్చి, అందరూ చూస్తున్నారని ఆగిపోయాడు. పక్క గది తలుపు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. నేను ఆయన పక్కనుంచే వెళ్లాను. ఆయన తలెత్తలేదు.

వీధిలో ఎండ చురుక్కుమంటోంది. పిచ్చుక వెక్కి వెక్కి ఏడుస్తూ నడుస్తోంది. "అందరూ నన్నే చూస్తున్నారు. నువ్వే పాడుచేశావు. నేను మంచిగా నిలబడ్డాగా" అంటోంది. నేను నడక ఆపలేదు. లోపల కోపంతో పాటు ఏదో తేలికగా కూడా ఉంది. ఇల్లు ఖాళీ చేయమంటారు, చేయమననీ. రాతిపని ఎక్కడైనా దొరుకుతుంది. దీని చెయ్యి మాత్రం దీనిదే అనుకున్నాను.

బస్టాపు దాటాక నా అరచేతిలో ఏదో తేడాగా తగిలింది. దాని వేళ్లు నా చేతిని చుట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య ఒక కణుపు గట్టిగా నా చర్మానికి గుచ్చుకుంటోంది. కిటికీలు మూసిన ఒక దుకాణం మెట్ల దగ్గర ఆగాను.

"చెయ్యి తెరువు" అన్నాను.

తెరిచింది. ఉంగరం వేలు అరచేతి వైపు వంగి ఉంది. వేలి మొదలు దగ్గర చర్మం మీద సన్నటి ఎర్రటి చార, రబ్బరు బ్యాండు మందాన.

"ఏంటే ఇది?"

దాని ఏడుపు ఆగింది. ముక్కు ఎగబీల్చి, దాచుకున్న బొమ్మ చూపించినట్టు చెయ్యి ఇంకొంచెం పైకెత్తింది. "పడుకునేటప్పుడు కట్టుకుంటున్నా. ఎవ్వరికీ చెప్పలేదు. ఆ ఆంటీ నీ చెయ్యి అందంగా ఉందని అన్నప్పటి నుంచి. నాకూ నీలాగే ఉండాలని."

"నొప్పి పుట్టలేదా తల్లీ?"

"మొదట్లో పుట్టింది. కానీ నేను ఏడవలేదు. నువ్వూ ఏడవలేదుగా."

మెట్ల మీద కూలబడ్డాను. దాని చెయ్యి నా ఒళ్లోకి తీసుకుని ఆ వేలిని కుడిచేత్తో నెమ్మదిగా చాపాను. వచ్చింది. వదిలాను. మళ్లీ వెళ్లి తన చోట పడుకుంది. ఇంకోసారి చాపి, కాసేపు అలాగే పట్టుకుని వదిలాను. మళ్లీ అంతే.

"నువ్వే చాపు" అన్నాను. "అన్ని వేళ్లూ, బాగా చాపు."

పిచ్చుక చెయ్యి బిగబట్టింది. నాలుగు వేళ్లు నిటారుగా లేచాయి. తన చేతిని తిప్పి చూసుకుని, అర్థం కానట్టు నా మొహంలోకి చూసింది.

"చాపే ఉంది కదమ్మా" అంది.